గోదావరి ఒడ్డు భోజనం హాల్టు

ఖమ్మం ఖిల్లా మెట్లెక్కుతూ చరిత్ర చెప్పడం సులువు కాదు. ఊపిరి అందదు. అందనట్టు కనపడకూడదు. అలుపొచ్చినప్పుడు ఏదో చూపించడానికే ఆగినట్టు ఆగి, కింద ఉన్న ఊరి వైపు చెయ్యి చాచాలి. నా ఉద్యోగంలో నేను మొదట నేర్చుకున్న విద్య అదే.

రిటైరయ్యాక, గైడు పనికి శిక్షణ తీసుకుంటున్న పిల్లలకు అప్పుడప్పుడు పాఠం చెప్పడానికి పిలుస్తున్నారు. వాళ్ళ ప్రశ్నలు మామూలుగా మైకు గురించి, ఇంగ్లీషు గురించి, తాగి బస్సెక్కినవాళ్ళను ఎలా సముదాయించాలన్న దాని గురించి ఉంటాయి. మొన్న ఒకమ్మాయి మాత్రం, "మేడం, మీరు ఇక చూపించనని చెప్పిన చోటు ఏదన్నా ఉందా?" అని అడిగింది. టైమైపోయిందని చెప్పి తప్పించుకున్నాను. ఆ అమ్మాయికీ, ఆమెతో పాటు కూర్చున్న మిగతావాళ్ళకీ ఇదే నా జవాబు.

మాది కుసుమంచి. గణపేశ్వరాలయం మా బడి దారిలో ఉండేది. అంత పెద్ద శివలింగాన్ని చూసి బయటి ఊళ్ళవాళ్ళు నోరు తెరిస్తే మాకు నవ్వొచ్చేది. బి.ఏ.లో చరిత్ర చదివి, ఆ చదువుతో ఎక్కడా ఉద్యోగం దొరక్క, ఖమ్మంలో ఒక ట్రావెల్స్‌లో టికెట్లు రాసే పనికి కుదిరాను. యజమాని సత్తుపల్లి వైపు మనిషి. అందరం ఆయన్ని సార్ అనేవాళ్ళం. ఒకరోజు గైడు రాకపోతే నా వైపు తిరిగి, "ఏమ్మా, మీది కుసుమంచే కదా? ఆ గుడి గురించి నాలుగు ముక్కలు చెప్పలేవూ?" అన్నారు. చెప్పాను. ఆ నాలుగు ముక్కలే నా జీతమయ్యాయి.

మా టూరు రెండు రోజులు. మొదటిరోజు ఖిల్లా, నేలకొండపల్లి బౌద్ధ స్తూపం, మా ఊరి గుడి, పాలేరు చెరువు. రాత్రికి భద్రాచలం. మర్నాడు దర్శనం, పర్ణశాల, తిరుగు ప్రయాణం. డ్రైవరు బోనకల్ అతను. నాకంటే ముందునుంచే ఆ రూట్లో ఉన్నాడు. నేను స్తూపం దగ్గర బుద్ధుడి గురించి ఎంతో తయారై మాట్లాడిన మొదటిరోజు, అంతా విని పక్కకు పిలిచాడు.

"మంచిగ జెప్పినవ్ మేడం. గని ఒక్క మాట. బస్సు దిగంగనే ముందు బాత్రూం యాడుందో చెప్పు. ఆ తర్వాత బుద్ధుని గురించి చెప్పు. అప్పుడింటరు."

అతను చెప్పినట్టే చేశాను. నిజంగానే విన్నారు.

ఒక ఆదివారం ఏదో బంద్ జరిగి భద్రాచలంలో హోటళ్ళన్నీ మూసేశారు. బస్సు నిండా జనం, పర్ణశాల చూసొచ్చిన ఆకలి. డ్రైవరు కొంచెంసేపు ఆలోచించి బస్సును దిగువకు, నది వెంట అడవి దారిలోకి మళ్ళించాడు. అక్కడో కోయగూడెం ఉంది. చేపలు పట్టే ఒకతను అతనికి పరిచయం. అతనూ, అతని భార్యా మమ్మల్ని చూసి కంగారు పడలేదు. గూడెంలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి పొయ్యిలు వెలిగించారు. మామిడి చెట్ల కింద అడ్డాకు విస్తర్లేసి చేపల పులుసు, చింతచిగురు పప్పు పెట్టారు. ఆరోజు జనం తిన్న తీరు నాకింకా గుర్తుంది. టూరు బాగుందని ఆఫీసుకు ఫోన్లు చేసినవాళ్ళెవరూ ఖిల్లా ఊసెత్తలేదట. స్తూపం ఊసు అసలే లేదట. అందరిదీ ఆ భోజనం మాటే. మరుసటి వారం నుంచి అదే మా భోజనం హాల్టు.

ఆ చేపలతని భార్య నన్ను అక్కా అనేది. నేను చెల్లే అనేదాన్ని. ఆమె భర్త తిన్నవాళ్ళను నాటుపడవలో కాసేపు నది మీద తిప్పి తెచ్చేవాడు. తిప్పినంతసేపూ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఏమీ చెప్పడేంటని ఒకసారి ప్రయాణికులు నా దగ్గర ఫిర్యాదు చేశారు. ఆ మాట అతనికి చేరేస్తే ఆశ్చర్యంగా చూశాడు.

"ఏం జెప్పాలె అక్కా? గోదారి ఎదురుంగనే ఉంది గద."

గైడుగా నాకది చెంపదెబ్బ లాంటి మాటే గానీ, అతను దెబ్బ కొట్టడానికి అనలేదు.

అతను ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. వాగులు పొంగి దారి మూసుకుపోయింది. నీళ్ళు తగ్గాక భద్రాచలం దవాఖానాకు తీసుకొచ్చేసరికి చెయ్యి దాటిపోయింది. ఆ తర్వాతి ట్రిప్పులో వెళ్ళేదాకా మాకు తెలియదు. కొంతకాలం గడిచాక ఆమె డ్రైవరుకు కబురు పెట్టింది, రాయి నిలబెడుతున్నాం, మీరిద్దరూ రావాలని. సెలవు పెట్టి వెళ్ళాం.

గూడెం వెనక చేను గట్టున, పోయిన పెద్దల గుర్తుగా వాళ్ళు పాతిన రాళ్ళు వరసగా ఉండేవి. కొన్ని మనిషెత్తు, కొన్ని మోకాలెత్తు. కొన్ని పక్కకు ఒరిగాయి. అతని కోసం వాగులోంచి మోసుకొచ్చిన బండ నడుమెత్తు ఉంటుంది. డోళ్ళు మోగాయి. ఒక పెద్దాయన వాళ్ళ భాషలో ఆ రాయితో చాలాసేపు మాట్లాడాడు, కోప్పడినట్టు, బతిమాలినట్టు. నాకర్థం కాలేదు. ఆమె నా పక్కకొచ్చి చెప్పింది.

"ఇగ ఈయన ఈడ్నే ఉంటడక్కా. మాట్లాడాల్నంటే మేమే ఈడికి రావాలె."

ఆ రాళ్ళను నేనెప్పుడూ ప్రయాణికులకు చూపించలేదు. చూపించొద్దని ఆమె అనలేదు. నాకే అనిపించలేదు. అంతకు ముందే పర్ణశాలలో సీతమ్మ చీర ఆరేసిందని ఒక బండను చూపించి, అందరూ దండం పెట్టుకునేదాకా ఆగి వచ్చేదాన్ని. అక్కడ కథ చెప్పడానికి నాకే అడ్డూ ఉండేది కాదు. ఇక్కడ మాత్రం నోరు రాలేదు.

ఇంతలో దిగువన కడుతున్న ఆనకట్ట సంగతి ముదిరింది. అది ఎప్పటినుంచో వింటున్న మాటే. కానీ ఇప్పుడు మనుషులు వచ్చి, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో గీతలు పెట్టి వెళ్ళారు. రాష్ట్రం రెండయ్యాక గూడెం అవతలి రాష్ట్రంలోకి పోయింది. మా బస్సు చెక్‌పోస్టు దగ్గర ఆగి వెళ్ళాల్సి వచ్చేది. వానాకాలమొస్తే నీళ్ళు అంతకు ముందు ఎన్నడూ రాని చోటికి వచ్చి, వెనక్కి పోవడానికి మొండికేసేవి. పోవాలని గూడెంలో అందరికీ తెలుసు. ఎప్పుడు పోవాలో ఎవరికీ తెలియదు. ఆ స్థితిలో ఇంటికి కప్పు మార్చాలా వద్దా, చేను దున్నాలా వద్దా అన్నది ఒక్కటే వాళ్ళ మధ్య మాటలుగా ఉండేది.

ఆ సమయంలో మా సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఆఫీసు ముందు కొత్త ఫ్లెక్సీ కట్టించారు. గోదావరి ఒడ్డు గూడెం బొమ్మ, దాని మీద పెద్ద అక్షరాలతో "మునిగిపోకముందే చూడండి" అని.

జనం ఎగబడ్డారు. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి ప్రత్యేకంగా బస్సులు పెట్టాల్సి వచ్చింది. ఖిల్లా దగ్గర వాళ్ళు వాచీలు చూసుకునేవాళ్ళు, గూడేనికి ఎప్పుడు పోతామని. అక్కడ దిగగానే గోడ మీది ఎర్ర గీత పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్ళు. నీళ్ళు తమ భుజం దాకా వస్తాయా తల దాటుతాయా అని కొలుచుకుని నవ్వుకునేవాళ్ళు. చెడ్డవాళ్ళేం కాదు. విహారానికి వచ్చినవాళ్ళు, అంతే.

మొదట్లో ఆమెకూ వింతగానే ఉండేది. "మా ఇల్లు గూడ ఖిల్లా అయిందా అక్కా, గింతమంది చూడనీకె వస్తున్నరు?" అంది ఒకసారి, పులుసు కలుపుతూ. తర్వాత్తర్వాత ఆ నవ్వు తగ్గింది. ఒకాయన ఆమె ఇంటి తలుపు మెచ్చి, ఎలాగూ మునిగిపోయేదే కదా, అమ్మమని బేరం మొదలుపెట్టాడు. ఆమె చాలా నెమ్మదిగా జవాబిచ్చింది. "ఇంకా మేం లోపల్నే ఉన్నం గద సారూ." ఆయనకు అందులో తప్పేమీ వినిపించలేదు. మళ్ళీ వచ్చినప్పుడు అడుగుతానన్నాడు.

నేను ఆఫీసులో సార్‌తో చెప్పాను, ఆ ఫ్లెక్సీ తీసేయమని. ఆయన నన్ను కోప్పడలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"చూడమ్మా. ఊరు ముంచేది నేను కాదు గదా? వాళ్ళకి నాలుగు డబ్బులొస్తున్నాయి. మనకీ వస్తున్నాయి. ఊరు పోయాక ఎలాగూ ఇద్దరికీ రావు. ఇందులో పాపమేముంది చెప్పు?"

పాపమేముందో ఆ కుర్చీలో కూర్చుని నేను చెప్పలేకపోయాను. ఇప్పుడైతే చెప్పగలను.

వానలు మొదలవబోయే ముందు ఒక ఆదివారం. నగరం నుంచి ఫొటోలు తీసేవాళ్ళ సంఘం ఒకటి మా బస్సు మొత్తం మాట్లాడుకుంది. పెద్ద పెద్ద కెమెరాలు, వాటిని నిలబెట్టే స్టాండ్లు, గొడుగులు. సార్ స్వయంగా వచ్చారు. గూడెంవాళ్ళు కొమ్ములు కట్టుకుని డోళ్ళతో ఆడే ఆట చూపిస్తానని వాళ్ళకు మాటిచ్చారట. పెళ్ళికో పండక్కో తప్ప వాళ్ళు ఆడరని ముందురోజే చెప్పాను. "నువ్వు చెప్తే ఆడతారమ్మా, నీ మాట వింటారు," అన్నారు.

గూడేనికి ఇంకా కొంత దూరం ఉండగానే డ్రైవరు బస్సాపేశాడు. మామిడి చెట్ల అవతల ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. ఇళ్ళకు కప్పుల్లేవు. వాసాలు, తలుపులు, గంపలు, కోళ్ళ గూళ్ళు పోగులుగా పడి ఉన్నాయి. ఖాళీ చేయమని అంతకు ముందురోజు సాయంత్రం కబురొచ్చిందట. మాకు తెలియదు.

డ్రైవరు ఇంజను ఆపి నా వైపు తిరిగాడు. "మేడం, ఇయ్యాల ఆడికి పోవద్దు. సావింటికి సుట్టపుచూపుగ పోయినట్టుంటది."

వెనక నుంచి సార్ విన్నారు. "ఇంత దూరం వచ్చి వెనక్కి పోతామా? బస్సు పోనియ్ నువ్వు."

గూడెంలో బస్సు ఆగీ ఆగకముందే కెమెరాలవాళ్ళు దిగి పరుగెత్తారు. వాళ్ళ మొహాల్లో వెలుగు చూసి నాకు భయమేసింది. కొమ్ముల ఆట కంటే మంచిది దొరికింది వాళ్ళకు. కప్పులేని ఇంటి నడిమధ్యలో కూర్చున్న ముసలివాళ్ళు, పలుపు తెంచుకుని తిరుగుతున్న పశువులు, ట్రాక్టరు మీద వాసాల నడుమ కట్టేసిన మేకలు. ఎవరూ వాళ్ళను ఆపలేదు. ఆపే తీరిక అక్కడ ఎవరికుంది.

ఆమె నన్ను చూసి దగ్గరకొచ్చింది. జుట్టు నిండా దుమ్ము.

"అన్నం లేదక్కా ఇయ్యాల. పొయ్యి రాళ్ళు గూడ ట్రాక్టరెక్కినయి."

"అన్నం సంగతి వదిలెయ్ చెల్లే. నేనేం చెయ్యాలో చెప్పు."

ఆమె చేను గట్టు వైపు చూసింది. భర్త రాయిని, తమకు ఇళ్ళిచ్చిన కొత్త కాలనీకి తీసుకుపోవాలనుకుందట. ఆరోజు రాయితో మాట్లాడిన పెద్దాయన కూడా సరేనన్నాడు. పాత రాళ్ళ సంగతి ఎవరూ ఏమీ చేయలేరు, ఇతనిది కొత్తది, ఇంకా బెంగ తీరనిది. ట్రాక్టరువాడు మాత్రం కుదరదన్నాడు. సామానుకే జాగా చాలదు, రాళ్ళూ రప్పలూ ఎవరు మోస్తారని.

"మీ బస్సు ఆ దిక్కు నుంచే పోతది గద అక్కా. డిక్కీల పెట్టుకపోతరా?"

నేను డ్రైవరు దగ్గరకు వెళ్ళి అడిగాను. అతను సార్ ఎక్కడున్నారో చూడనైనా చూడలేదు. డిక్కీ తెరిచి ప్రయాణికుల బ్యాగులు ఒక్కొక్కటే తీసి సీట్ల మీదికి చేర్చాడు. ఎక్కడినుంచో గడ్డి తెచ్చి కింద పరిచాడు. "ఆయిన చేపల పులుసు ఎన్నిమార్లు తిన్న మేడం. గీ మాత్రం మొయ్యకుంటె ఎట్ల?" అన్నాడు.

పెద్దాయన రాయి ముందు కూర్చుని మళ్ళీ మాట్లాడాడు. ఈసారి గొంతు బాగా తగ్గించి. తర్వాత చుట్టూ మట్టి తవ్వి, వెదురు బొంగులు కట్టి, నలుగురు మనుషులు దాన్ని భుజాల మీద మోసుకొచ్చారు. ఆమె తన పెట్టెలోంచి ఒక చీర తీసి దాని మీద కప్పింది. డిక్కీలో గడ్డి మీద పడుకోబెట్టారు. ఆమె దాని మీద చెయ్యేసి కాసేపు ఉంచింది. బరువు దించుకున్న మొహంతో నా వైపు చూసింది. ఆరోజు మొత్తంలో ఆమె మొహం తేరుకున్నది ఆ ఒక్క క్షణమే.

అప్పుడు సార్ వచ్చారు.

"ఏంటమ్మా ఇది? బ్యాగులన్నీ సీట్ల మీద ఎందుకున్నాయి?"

చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "బండ రాయినా? చెక్‌పోస్టులో అడిగితే ఏం చెప్పాలి? పార్టీవాళ్ళు ఏమనుకుంటారు? నీకు బుద్ధుందా అసలు?"

"సార్, అది బండ కాదు. ఆయన మీకూ తెలుసు. మీరు వచ్చినప్పుడు పడవలో తిప్పాడు."

సార్ ఏదో అనబోయారు. ఈలోగా కెమెరాలవాళ్ళకు సంగతి తెలిసింది. ఇద్దరు ముగ్గురు, తర్వాత అందరూ అటే వచ్చారు. సంఘం పెద్ద నా నోటి నుంచి విషయమంతా విని, "అద్భుతం" అన్నాడు. ఇన్నేళ్ళూ అలాంటి ఒక్క ఫొటో కోసమే తిరుగుతున్నానన్నాడు. సార్ మొహం మారడం నేను కళ్ళారా చూశాను. కోపం పోయి, ఆ స్థానంలో లెక్క వచ్చింది.

"సరే సరే. తీసుకుపోదాం. పాపం, మనం కాకపోతే ఎవరు చేస్తారు?" అన్నారు గట్టిగా, అందరికీ వినబడేలా. తర్వాత నా పక్కకొచ్చి గొంతు తగ్గించారు. "ఒక్కసారి దింపించి మళ్ళీ ఎక్కించమని చెప్పమ్మా. ఎక్కించేటప్పుడు వీళ్ళు లేరట. వీడియో కావాలంటున్నారు."

నేను కదల్లేదు. "అది చెప్పలేను సార్."

"ఒక్క నిమిషం పని. అంత దూరం ఉచితంగా మోస్తున్నాం కదా."

"మొయ్యొద్దన్నా మానేస్తాను గానీ, ఇది మాత్రం నేను చెప్పను."

ఆయన నన్ను దాటుకుని నేరుగా ఆమె దగ్గరకే వెళ్ళి చెప్పారు. మర్యాదగానే చెప్పారు. సంఘంలో ఒకావిడ కూడా వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యేసింది. రాయి పక్కన నిలబడి దాన్ని పట్టుకోవాలనీ, ఏడుపు వస్తే ఆపుకోవద్దనీ, ఆ దుఃఖం ప్రపంచానికి తెలియాలనీ అంది. ఆవిడ కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి. నాకు ఇప్పటికీ ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి కారణం దొరకదు, అయినా ఆ కోపం పోదు.

మోసుకొచ్చిన మనుషులు ఆమె వైపు చూస్తూ నిలబడ్డారు. ఆమె కెమెరాలను, సార్‌ను, ఆ ఆవిడను, డిక్కీని చూసింది.

"దింపున్రి," అంది.

దింపారు. అర్ధచంద్రాకారంగా నిలబడ్డవాళ్ళు కెమెరాలు కళ్ళకు ఆనించుకున్నారు. సార్, "మెల్లిగా, మెల్లిగా" అంటున్నారు. ఆమె వాళ్ళ భాషలో ఏదో చిన్న మాట అంది. ఆ నలుగురూ బొంగులు భుజానికెత్తి, బస్సు వైపు కాకుండా, వచ్చిన దారినే తిరిగి నడిచారు.

కాసేపటివరకూ ఎవరికీ అర్థం కాలేదు. నేను వాళ్ళ వెనకే వెళ్ళాను. తవ్విన గొయ్యి అలాగే ఉంది. రాయిని మళ్ళీ దాంట్లో నిలబెట్టి మట్టి కప్పారు. ఆమె కాలితో చుట్టూ తొక్కి గట్టి చేసింది. చీర తీసి మడత పెట్టుకుంది. కెమెరాలు కొన్ని గట్టు దాకా వచ్చాయి గానీ, డ్రైవరు దారికి అడ్డంగా నిలబడి ఎవర్నీ ముందుకు రానీయలేదు.

"ఎందుకు చెల్లే? నేను ఏదో ఒకటి చేసి తెచ్చేదాన్ని కదా," అన్నాను.

"ఆ కాలనీ రోడ్డు మీదుందక్కా. ఆడ నిలబెడితే దినాం ఎవలో ఒగలు గిట్లనే వస్తరు. నీళ్ళల్ల ఉండనీ. నీళ్ళల్లకైతే ఎవ్వరు రారు."

తిరుగు ప్రయాణమంతా బస్సులో గొణుగుడే. కొమ్ముల ఆట లేదని, భోజనం లేదని, ముఖ్యమైన దృశ్యం చేతికి అందినట్టే అంది జారిపోయిందని వాళ్ళకు అసంతృప్తి. సార్ భద్రాచలంలో అందరికీ బిర్యానీ పొట్లాలు పంచారు. డ్రైవరు తన పొట్లం డ్యాష్‌బోర్డు మీదే వదిలేశాడు. ఆ వానాకాలం దాటకముందే అతను ట్రావెల్స్ మానేసి లారీ తోలడానికి వెళ్ళిపోయాడు. "సరుకు మాట్లాడదు మేడం, గంతే చాలు," అన్నాడు పోయేముందు.

నేను మానలేదు. మా ఆయనకు నిలకడైన పని లేదు, నా జీతంతోనే ఇల్లు గడిచేది. గూడెం మునిగి నీళ్ళు నిలబడ్డాక సార్ మరొకరితో కలిసి పడవ టూరు మొదలుపెట్టారు. గూడెం ఉన్న చోటికి పడవలో తీసుకెళ్ళి, ఆ రాయి కథ చెప్పాలట. చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు లేరట. చూసినదాన్ని కదా.

"ఖిల్లా గురించి ఎంతసేపైనా చెప్తా సార్. అది చెప్పను," అన్నాను.

ఆయన బలవంతపెట్టలేదు. నన్ను భద్రాచలం రూటు నుంచి తీసేసి, ఖిల్లా దగ్గరా ఆఫీసు ఫోన్ల దగ్గరా పెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే. జీతం పెరగలేదు. నా తర్వాత వచ్చినవాళ్ళు నన్ను దాటి పోయారు. మీకు క్లాసులో చెప్పే "గైడు ఎప్పుడూ కాదనకూడదు" అన్న మాట ఎంత నిజమో అలా తెలిసింది.

ఈమధ్య ఆ గూడెం చెల్లె నుంచి ఫోనొచ్చింది. కాలనీ నుంచి కూలీల గుంపుతో ఏన్కూరు వైపు మిర్చి ఏరడానికి వచ్చిందట. వెళ్ళి కలిశాను. మిర్చి ఘాటుకు ఇద్దరికీ కళ్ళు మండాయి, కాబట్టి నీళ్ళు తుడుచుకోవడానికి మొహమాటం లేకపోయింది. కాలనీ ఇళ్ళు వరసగా సిమెంటువేనంది. గోదారి కనపడదంది. అప్పుడు అడిగింది.

"ఒక్కపారి ఆడికి పోవాల్ననుంది అక్కా. నాటుపడవలు రానిస్తలేరు. టూరు పడవల్నే పోవాల్నంట."

టికెట్లు నేను తీసుకున్నాను. పడవ పై అంతస్తులో ప్లాస్టిక్ కుర్చీల మధ్య ఇద్దరం కూర్చున్నాం. గైడు చక్కగా మాట్లాడే కుర్రవాడు. మమ్మల్ని ఎరగడు. రెండు కొండల మధ్య నది వెడల్పయిన చోట పడవ వేగం తగ్గించారు. అతను మైకులో గొంతు మార్చాడు. ఇక్కడే, ఈ నీళ్ళ అడుగున ఒక గిరిజన గూడెం ఉందన్నాడు. ఊరు వదలమని కబురొచ్చినరోజు ఒక ఇల్లాలు భర్త సమాధి రాయిని కౌగిలించుకుని, ఎంతమంది లాగినా రాకుండా, దాంతో పాటే గోదావరిలో కలిసిపోయిందన్నాడు. నిండు పున్నమి రోజుల్లో ఆమె పాట వినిపిస్తుందన్నాడు.

అందరూ లేచి రెయిలింగు దగ్గరకు చేరారు. ఫోన్లు పైకి లేచాయి. కొందరు చిల్లర వేశారు. మా పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి బంతిపూలు తీసి నీళ్ళలో వేసింది. ఒకటి ఆమెకూ ఇచ్చింది. "నువ్వూ వెయ్యమ్మా. మహాతల్లి," అంది.

ఆమె పువ్వు అందుకుంది గానీ వెయ్యలేదు. నా చెవి దగ్గరకు వంగింది.

"ఈడ కాదక్కా. ఇంకా కిందికి. ఆ గుట్ట దాటినంక."

నేను సగం లేచాను. "చెప్పి రానా?"

ఆమె నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "వద్దు. ఈడ్నే అనుకోనీ. మంచిగైంది."

పూలు, చిల్లర, ఫొటోలు అయిపోయాక పడవ మళ్ళీ వేగమందుకుంది. కింద అంతస్తులో భోజనాలని మైకులో చెప్పారు. పైన కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. గుట్ట దాటింది. నది అక్కడ మామూలుగానే ఉంది, చూపించడానికి ఏమీ లేదు. ఆమె లేచి రెయిలింగు పట్టుకుంది. వాళ్ళ భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. చాలా చెప్పింది. మధ్యలో ఒకసారి కోప్పడినట్టుంది, ఒకసారి చిన్నగా నవ్వింది కూడా. నేను కుర్చీలోనే కూర్చుండిపోయాను.

పువ్విచ్చిన పెద్దావిడ మర్చిపోయిన సంచి కోసం మెట్లెక్కి పైకొచ్చింది. ఒక్కతే నిలబడి నీళ్ళతో మాట్లాడుతున్న మనిషిని చూసి ఆగింది. తనూ రెయిలింగు దగ్గరకొచ్చి కిందికి తొంగి చూసింది.

"ఇక్కడేముందమ్మా?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. నీళ్ళే," అంది ఆమె.